ల్యాబ్‌లో చేరబోతున్న బుజ్జికి, పెద్దమ్మ

బుజ్జీ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, ముందు ఏడ్చింది. ఎవరికేమైందో అని నా గుండె గుభేలుమంది. తీరా చూస్తే "అది ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరుతుందట అక్కా" అంది. నేను నవ్వేశాను. దాంతో ఇంకా మండిపోయి "అంతా నీ వల్లే, చిన్నప్పుడు దానికి ఆ దిక్కుమాలిన మైక్రోస్కోపు చూపించావు" అని పెట్టేసింది.

నాకైతే ఆ రోజు కాళ్లు భూమ్మీద ఆగలేదు. మీ పెద్దనాన్నను ఆత్రేయపురం పంపి పూతరేకులు తెప్పించి, అపార్ట్‌మెంట్‌లో అందరికీ పంచాను. మా చెల్లెలి కూతురికి జేఆర్ఎఫ్ వచ్చిందండీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెల్ బయాలజీ చేస్తుంది అని చెప్పుకున్నాను. కింద ఫ్లాట్ ఆవిడ "అంటే బ్యాంకు జాబా?" అంది. పోనీలే, పూతరేకు బాగుందంది.

రాత్రయ్యేసరికి భయం పట్టుకుంది. నువ్వు కష్టపడలేవని కాదు, చదవలేవనీ కాదు. నువ్వు తప్పు చేస్తే చెప్పవు. ఆరేళ్లప్పుడు మా ఇంట్లో గాజు గ్లాసు పగలగొట్టి, ముక్కలన్నీ తులసికోట వెనక మట్టిలో పాతిపెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి అన్నం తిన్న పిల్లవి. ఆ గుణం నీకెవరి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మీ అమ్మ నుంచి కాదు. అందుకే పన్నెండున్నరకు లేచి, హాల్లో లైటు వేసుకుని ఇది మొదలుపెట్టాను. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలి బొమ్మ పంపుతావు, అందుకని కాగితం మీదే.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. నోట్‌బుక్ పెన్నుతో రాయి, చేసిన రోజే రాయి. కంట్రోల్, అంటే పోల్చి చూసుకోవడానికి మందు వేయని జత, లేని ప్రయోగం చేయకు. ల్యాబ్ కోటుతో క్యాంటీన్‌కు పోకు. జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37 వేలు, హెచ్ఆర్ఏ అదనం అని మీ అమ్మకు చెప్పావట, నిజమే. కానీ ఒకటో తేదీకల్లా పడుతుందని లెక్కలు వేసుకోకు, మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకో. పీహెచ్‌డీకి రూలు ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. మీ అమ్మకు ఆరనే చెప్పు. ఐదేళ్లకు ముగిస్తే సంతోషిస్తుంది, మూడని చెప్పావంటే నాలుగో ఏడు నుంచి నీ బతుకు బస్టాండే.

గైడును ఎంచుకునేటప్పుడు పేపర్లు చూస్తావు, గ్రాంట్లు చూస్తావు. చూడు. ఆ తర్వాత ఆ ల్యాబ్‌లో నాలుగో ఏడు, ఐదో ఏడు నడుస్తున్న పిల్లలతో కూర్చుని టీ తాగు. ఒకటే అడుగు: ప్రయోగం పాడైతే సార్‌కు ఎప్పుడు చెబుతారు? "అప్పుడే చెప్పేస్తాం" అంటే కళ్లు మూసుకుని చేరు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారా, టీ డబ్బులు నువ్విచ్చి వచ్చేయ్.

ఇంకో సంగతి, ఇది వింటే నన్ను చాదస్తం అంటావు. ద్రవ నైట్రోజన్ క్యాన్‌తో పాటు లిఫ్ట్ ఎక్కొద్దు. క్యాన్‌ను లిఫ్ట్‌లో ఒంటరిగా పంపి, నువ్వు మెట్ల మీదుగా వెళ్లి పైన అందుకో. అది మైనస్ 196 డిగ్రీల ద్రవం. ఒక లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు. లిఫ్ట్ మధ్యలో ఆగిందనుకో, ఆ డబ్బాలో నీకు గాలి మిగలదు. వాసన రాదు, దగ్గు రాదు, తెలియకుండానే స్పృహ పోతుంది. అలాగే నైట్రోజన్‌లోంచి వయల్, అదే కణాలు దాచే చిన్న సీసా, తీసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో. మూత సరిగా బిగియకపోతే లోపలికి ద్రవం చేరి ఉంటుంది, బయటి వేడికి వయల్ టపాకాయలా పేలుతుంది. నా కళ్ల ముందు ఒకటి పేలింది. పెంకు ట్యూబ్‌లైట్‌కు తగిలింది కాబట్టి సరిపోయింది. మంచి గాగుల్స్ ఒకటి కొని ఈ ప్యాకెట్లోనే పెట్టాను. ల్యాబ్‌లో ఉంటాయిలే అనకు. ఉంటాయి, గీతలు పడి, ఏ డ్రాయర్లోనో.

క్యూసీలో, ఆ నాణ్యత పరీక్షల పనిలో, మూడేళ్లు చేశావు కాబట్టి పని ఎలా చేయాలో రాసిపెట్టిన ఎస్ఓపీలు, లేబుళ్లు, సంతకాలు నీకు కొత్త కాదు. ఆ అలవాటు వదలకు. కానీ ఒక తేడా ఉందే. అక్కడ రావాల్సిన అంకె ముందే కాగితం మీద ఉంటుంది. ఇక్కడ ఉండదు. ఏది రావాలో ఎవరికీ తెలియదు కాబట్టి, మనకు నచ్చింది రాగానే ఆగిపోతాం. నచ్చనిది వస్తే పదిసార్లు తిరగేసి చూస్తాం. నచ్చింది వస్తే ఒక్కసారి కూడా చూడం.

ఎమ్మెస్సీలో మాకు ఫాస్ఫరస్ కొలిచే ప్రయోగం ఉండేది, ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ప్రచురించారు. మాలిబ్డేట్, దానితో ఇంకో రసాయనం వేస్తే నీలం రంగు వస్తుంది, ఎంత నీలమైతే అంత ఫాస్ఫరస్. మొదటి రోజు నా ట్యూబులన్నీ నెమలికంఠంలా మెరిశాయి. పొంగిపోయి మేడంను పిలిచాను. ఆవిడ నా శాంపిళ్లను చూడనే లేదు, బ్లాంక్ ట్యూబ్ ఎత్తి చూపించారు. ఏమీ వేయని ఆ ట్యూబ్ కూడా నీలంగానే ఉంది. గ్లాసు సామాను సబ్బుపొడితో కడిగాను, సబ్బుపొడిలో ఫాస్ఫేటు! మధ్యాహ్నమంతా యాసిడ్‌తో కడుగుతూ కూర్చున్నాను. అప్పుడే బుద్ధి రావాల్సింది. రాలేదు.

ఇక ఏం రాయడానికి అర్ధరాత్రి లేచానో ఆ విషయానికి వస్తాను.

1987లో నేను పీహెచ్‌డీ రెండో ఏడు. ఎక్కడో నీకు తెలుసు, పేరెందుకులే. రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఈస్ట్రోజన్ ఎలా పనిచేస్తుందన్నది నా టాపిక్. దానికి ఎంసీఎఫ్-7 కణాలు కావాలి. 69 ఏళ్ల ఒక క్రైస్తవ సన్యాసిని ఛాతీలో చేరిన నీటి నుంచి తీసి, డెట్రాయిట్‌లో మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్ వాళ్లు పెంచిన కణాలవి. ఏడో ప్రయత్నానికి నిలిచాయి కాబట్టి ఎంసీఎఫ్-7. 1973లో వాటి గురించి ప్రచురించారు. బొంబాయిలో ఒక ల్యాబ్ వాళ్లు ఇస్తామంటే వెళ్లి తెచ్చుకున్నాను. ఫ్లాస్కు మెడ దాకా మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, నింపి, మూతకు పారాఫిల్మ్ చుట్టి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి ఇచ్చారు. స్లీపర్ బోగీలో ఒకటిన్నర రోజు ఆ పెట్టె నా ఒళ్లోంచి దిగలేదు. ఎదుటి బెర్తు ఆయన "స్వీట్సా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

తెచ్చిన వారంలోనే నాలుగు వయల్స్ నైట్రోజన్‌లో దాచాను. ఎవరూ చెప్పలేదు, మీ అమ్మమ్మ అలవాటు. ఆవకాయ పెట్టిన రోజే ఆవిడ ఒక చిన్న జాడీ విడిగా తీసి, వాసెన కట్టి, అటక మీద పెట్టేది. పెద్ద జాడీకి బూజు పట్టినా ఏడాది గడవాలి కదా అని. నిజానికి స్టెరైల్ టెక్నిక్ అని యూనివర్సిటీలో నేర్పినదంతా నేను వంటింటి గడప బయట నిలబడి చూసిందే. జాడీలు ఎండలో పెట్టడం, మడి కట్టుకోవడం, తడి చెయ్యి తగలనివ్వకపోవడం, మాగాయ గరిటె ఆవకాయలో పెట్టకపోవడం. ఆ ఆఖరిది గుర్తుంచుకో.

మాకు కణాలు పెంచే కల్చర్ రూమ్ ఒకటే, క్రిములు పడకుండా పనిచేసుకునే హుడ్ ఒకటే. మా సీనియర్ హీలా అనే, చాలా వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలతో పనిచేసేవారు. ఆయన ఊరెళ్లినప్పుడు వాటిని నేనే చూసేదాన్ని. హీలా ఆఖరున ముట్టుకోవాలి, వాటికి వేరే మీడియం బాటిల్ వాడాలి అని గోడ మీద రాసి ఉండేది. రాసింది నేనే. ఒక సాయంత్రం మధ్యలో కరెంటు పోయింది. వచ్చేసరికి ఏడు దాటింది. హాస్టల్‌కు చివరి బస్సు ఏడున్నరకు. సీరం కలిపిన మీడియం అర బాటిల్ ఉంది, కొత్తది కలపాలంటే ఇంకో గంట. హీలా ఫ్లాస్కులకు పోశాను, అదే బాటిల్లోంచి నా ఫ్లాస్కులకూ పోశాను. పిపెట్ మార్చానా? మార్చాననే అనుకున్నాను. ఆ సాయంత్రమే జరిగిందని ఒట్టేసి చెప్పలేను గానీ, నా అనుమానం ఇప్పటికీ ఆ సాయంత్రం మీదే.

లెక్క వేసి చూడు. లక్ష ఎంసీఎఫ్ కణాల మధ్య ఒక్క హీలా పడిందనుకో. ఇది 24 గంటలకోసారి రెండింతలవుతుంది, అవి 40 గంటలకోసారి. ఆరు వారాలకు రెండూ సగం సగం. ఇంకో ఆరు వారాలకు లెక్క తిరగబడి, లక్ష హీలా మధ్య ఒక్క ఎంసీఎఫ్. మీడియం మబ్బు పట్టదు, వాసన మారదు. ఫ్లాస్కు మీద లేబుల్ మాత్రం నా చేతిరాతతో అలాగే ఉంటుంది.

కనిపించలేదా అంటావు. కనిపించింది. అదే చెప్పుకోలేని మాట. ఎంసీఎఫ్ కణాలు గుంపులు గుంపులుగా, ఒకదాన్నొకటి అతుక్కుని, చిన్న చిన్న లంకల్లా పెరుగుతాయి. అవి విడివిడిగా, కోణాలు తేలి పరుచుకోవడం మొదలెట్టాయి. ఆరు రోజులకు నిండే ఫ్లాస్కు మూడు రోజులకే నిండుతోంది. నేను సంతోషించాను! మా సార్ చూసి "చెయ్యి తిరిగిందమ్మా" అన్నారు. ఆ మాటతో ఆ వారమంతా గాల్లో నడిచాను.

తర్వాత ఈస్ట్రోజన్ ఇచ్చినా ఇవ్వకపోయినా కణాల లెక్క ఒకేలా రావడం మొదలైంది. అంతకుముందు ఇస్తే రెండింతలకు పైగా పెరిగేవి. అక్కడైనా ఆగాలి కదా. నాకొక సాకు దొరికింది, అదీ చాలా శాస్త్రీయమైన సాకు. 1986లో ఇలినాయిలో కాట్జెనెల్లెన్‌బోగెన్ల బృందం ఒక పేపర్ వేసింది: మీడియంలో ఆమ్లం మోతాదు తెలియడానికి కలిపే ఫినాల్ రెడ్ అనే ఎర్ర రంగే కొద్దిగా ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుందని. రీప్రింట్ కోసం కార్డు రాసి తెప్పించుకుని పదిసార్లు చదివాను. అదే కారణం అనుకున్నాను. రంగు వల్ల నా కంట్రోల్ కణాలు కూడా పెరుగుతున్నాయి, అందుకే తేడా లేదు అని. ఫినాల్ రెడ్ లేని మీడియం పౌడర్‌కు ఆర్డర్ పెట్టి నాలుగు నెలలు ఎదురుచూశాను. వచ్చింది. చేశాను. తేడా రాలేదు.

అప్పుడు కూడా ఫ్లాస్కులో ఏముందో చూడలేదు బుజ్జీ. ఇంకా పెద్ద మేడ కట్టాను. నా కణాలు హార్మోన్ అవసరం లేకుండా బతకడం నేర్చుకున్నాయి, క్యాన్సర్ మందుకు లొంగకుండా పోయే తొలి మెట్టు నా ఇంక్యుబేటర్‌లో జరుగుతోంది అని. ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ మందు ఇచ్చినా తగ్గలేదు, ఇంకేం కావాలి? అబ్‌స్ట్రాక్ట్ పంపితే కాన్ఫరెన్స్‌కు తీసుకున్నారు. మీ తాతయ్య ఆ ఉత్తరాన్ని ఫ్రేమ్ కట్టిస్తానన్నారు.

1989లో కణంలో ఈస్ట్రోజన్‌ను పట్టుకునే రిసెప్టార్‌ను కొలవడం నేర్చుకుందామని మళ్లీ బొంబాయి వెళ్లాను, కణాలు తెచ్చుకున్న ఆ ల్యాబ్‌కే. ఫ్లాస్కు మళ్లీ ఒళ్లో. అక్కడ కల్చర్ రూమ్ చూసుకునే టెక్నీషియన్ ఒకాయన ఉండేవారు, రిటైర్‌మెంట్‌కు దగ్గర పడ్డ మనిషి. నా ఫ్లాస్కు మైక్రోస్కోపు కింద పెట్టి అర నిమిషం చూశారు. పక్కకు జరిగి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇవి మేమిచ్చినవి కావమ్మా" అన్నారు.

నాకు కోపం వచ్చింది. డిగ్రీ లేని మనిషికి నా కణాల గురించి ఏం తెలుసు అనుకున్నాను. ఇప్పుడు ఈ ముక్క రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. ఏళ్ల తరబడి రోజూ కణాల మొహాలు చూసిన మనిషి. మన పశువును మనం మందలో గుర్తుపట్టమూ? అలాంటి చూపది.

తిరిగొచ్చి, ఆయన మాట అబద్ధమని నిరూపించడానికే జెల్ వేశాను, అంటే కరెంటు పెట్టి ప్రోటీన్లను జెల్‌లో పరుగెత్తించి విడదీశాను. జీ6పీడీ అని ఒక ఎంజైమ్ ఉంది, నీకు తెలుసు. హీలాలో ఉండేది ఏ రకం, జెల్‌లో వేగంగా ముందుకు పరుగెడుతుంది. ఎంసీఎఫ్‌లో ఉండేది బీ రకం, వెనకబడుతుంది. 1966లో స్టాన్లీ గార్ట్లర్ అనే ఆయన సరిగ్గా ఇదే పరీక్షతో, వేర్వేరని అందరూ నమ్ముతున్న 18 సెల్ లైన్లు, అంటే ల్యాబ్‌లో ఆగకుండా పెంచుకుంటూ వచ్చే కణాల వంశాలు, నిజానికి హీలాయే అని బయటపెట్టాడు. పేరున్న ల్యాబ్‌ల కణాలే అవన్నీ. ఎమ్మెస్సీ పరీక్షలో దీని మీద ప్రశ్న వస్తే నేను రాశాను కూడా. పదికి ఎనిమిది వచ్చాయి!

మూడు వరసలు వేశాను. ఒకటి సీనియర్ హీలా. ఒకటి రోజూ వాడుతున్న నా కణాలు. ఒకటి రెండేళ్ల కిందట దాచిన నాలుగు వయల్స్‌లో ఒకటి కరిగించి పెంచినవి. రంగు ద్రావణం పోసి, వెలుతురు తగలకుండా రేకు చుట్టి, 37 డిగ్రీల్లో పెట్టి, స్టూలు లాక్కుని దాని ముందే కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు రేకు కొద్దిగా ఎత్తి చూశాను. ముందు ఏమీ లేదు. తర్వాత లేత ఊదా రంగు, తెల్ల పంచె మీద నేరేడు మరకలా. మొదటి వరసలో గీత ముందుకు వెళ్లి తేలింది. మూడో వరసలో వెనకే తేలింది. నా గీత ముందుకే వెళ్లి, హీలా పక్కన, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.

రేకు మళ్లీ కప్పేశాను. ఎందుకు కప్పానో నాకే తెలియదు.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు సార్ గదికి వెళ్లి జెల్ టేబుల్ మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు. "పదహారు నెలలు" అన్నారు. కాన్ఫరెన్స్‌కు ఉత్తరం రాసి అబ్‌స్ట్రాక్ట్ వెనక్కి తీసుకుందాం అన్నారు. తర్వాత అడిగారు: "ఈ కణాలు ఎవరికైనా ఇచ్చావా?"

ఒక ల్యాబ్‌కు ఇచ్చాను సార్, అన్నాను.

ఇచ్చింది రెండు ల్యాబ్‌లకు. మొదటిది ఆయన చెబితే ఇచ్చాను. రెండోది ఒక కాన్ఫరెన్స్‌లో పరిచయమైన కుర్రాడికి, ఆయనకు చెప్పకుండా ఇచ్చాను. మా గైడు తెప్పించుకోవాలంటే ఏడాది పడుతుందక్కా అని బతిమాలాడు. మూడు వయల్స్, నా చేతిరాతతో ఎంసీఎఫ్-7 అని లేబుళ్లు. ఆ రోజు సార్ ముందు రెండోది చెప్పాలంటే, ఆయనకు చెప్పకుండా ఇచ్చాననీ ఒప్పుకోవాలి. మొదటి ల్యాబ్‌కు సార్ సంతకంతో ఉత్తరం వెళ్లింది. రెండో వాళ్లకు నేనే రాద్దామనుకున్నాను. ఇన్‌లాండ్ లెటర్ కొన్నాను, రాశాను, అంటించాను కూడా. హాస్టల్ బయటే పోస్టు డబ్బా. ఆ ఉత్తరం నా ట్రంకు పెట్టెలో చీరల కింద ఉండిపోయింది. ఈ వారం రాద్దాం, వచ్చే వారం వేద్దాం అనుకుంటూ ఉండగా, ఇన్ని నెలల తర్వాత రాస్తే ఏమనుకుంటాడు అనే రోజు వచ్చింది. ఆ రోజు దాటాక ఇక రాయలేం.

1996లో ఒక మీటింగ్‌లో ఆ అబ్బాయి కనిపించాడు. జుట్టు పల్చబడింది. నేను తప్పించుకుందామని చూస్తే తనే వచ్చి పలకరించాడు. ఆ కణాలు... అని మొదలెట్టాను. "తెలిసిందక్కా, మాకే తెలిసింది. ఎనిమిది నెలలు పోయాయి" అన్నాడు. కోపం లేదు మాటలో. నాకు టీ తెచ్చిచ్చాడు. ఆ టీ తాగినంత కష్టంగా నేను ఏ మందూ తాగలేదు. నా పదహారు నెలలు పోయాయి, పోనీ, మిగిలిన మూడు వయల్స్‌తో మళ్లీ మొదలెట్టి థీసిస్ పూర్తి చేశాను. అతని ఎనిమిది నెలలు మాత్రం నా ఖాతాలోనే ఉన్నాయి. వాటిని ఏ పేపర్‌లోనూ సరిచేయలేం.

ఇది మీ పెద్దనాన్నకు కూడా చెప్పలేదు. ఇప్పుడు చదివి వినిపించమంటారేమో, చూడాలి.

నువ్వు చేరబోయే చోట ఇవన్నీ ఎంత తేలికయ్యాయో తెలుసా? డీఎన్ఏ గుర్తులు చూసే ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ చేస్తే కొద్ది రోజుల్లో తేలిపోతుంది. కోర్టుల్లో మనిషిని గుర్తుపట్టడానికి వాడే పద్ధతే కణానికీ. మన హైదరాబాద్‌లోనే సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను ఈ దేశంలో నిలబెట్టారు. అలాంటి ఊళ్లో ఉంటూ ఫ్లాస్కులో ఏముందో తెలియదంటే ఊరుకోను. కణాలు పక్క ల్యాబ్ ఫ్రెండ్ దగ్గర కాకుండా పుణెలో ఎన్‌సీసీఎస్ లాంటి కణాల బ్యాంకు నుంచి తెప్పించుకో. వచ్చిన వారం ప్రొఫైల్ చేయించు, ఏడాదికోసారి మళ్లీ చేయించు, పేపర్ రాసే ముందు ఇంకోసారి. మీ గైడు అవసరం లేదంటే నా పేరు చెప్పి విసిగించు. ఇప్పటికి ఐదు వందలకు పైగా సెల్ లైన్లు పేరు ఒకటి, కణం ఒకటి అని అంతర్జాతీయ జాబితాలో ఉన్నాయి. ఎండీఏ-ఎంబీ-435 అని ఒకటి, రొమ్ము క్యాన్సర్ అనుకుని ఎంతమంది వాడారో. అది చర్మానికి వచ్చే మెలనోమా అని తేలింది. తేలాక కూడా వాడుతూనే ఉన్నారు. అదే నాకు అర్థం కాదు. అర్థం కాదేమిటిలే, బాగా అర్థమవుతుంది.

క్రిస్పర్‌తో జీన్ కోస్తావని మీ అమ్మ ఏదో చెప్పబోయింది. కోయి. ఏ కణంలో కోస్తున్నావో ముందు చూసుకుని కోయి.

మైకోప్లాస్మా అని కల్చర్లలో దూరే సూక్ష్మజీవి ఉంది, దాని పరీక్ష నెలకోసారి. దానికి గోడ ఉండదు కాబట్టి పెన్సిలిన్‌కు చావదు, మామూలు మైక్రోస్కోపులో కనిపించదు, మీడియంను మబ్బు చేయదు. అడక్కుండా వచ్చి ఉండిపోయే చుట్టం. బ్లాట్ బొమ్మల, అంటే ప్రోటీన్ గీతల ఫొటోల, ఒరిజినల్ ఫైళ్లు కత్తిరించకుండా దాచు. ఎలిజబెత్ బిక్ అనే ఆవిడ, ఇంకో ఇద్దరు కలిసి 20,621 పేపర్లు తిరగేస్తే 3.8 శాతంలో తేడా బొమ్మలు దొరికాయి. అందరూ దొంగలని కాదు. ఏ బొమ్మ ఏ జెల్‌దో మరిచిపోయినవాళ్లు కూడా అందులో ఉంటారు. మార్కర్‌తో రాసిన లేబుల్ ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది, పైన టేపు అంటించు.

హీలా మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది, మనిషి మీద కోపం ఉన్నట్టే. తర్వాతెప్పుడో ఆ పేరు వెనక కథ చదివాను. మేం చదువుకునే రోజుల్లో అది హెలెన్ లేన్ అనే ఆవిడ పేరని చెప్పేవారు. అసలు పేరు హెన్రియెట్టా లాక్స్. నల్లజాతి స్త్రీ, ఐదుగురు పిల్లల తల్లి. 1951లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చూపించుకుంటుంటే, ఆవిడను అడగకుండా తీసిన ముక్క నుంచి పెరిగిన కణాలవి. ఆ అక్టోబర్‌లోనే పోయింది, 31 ఏళ్లకు. ఇరవై ఏళ్ల పైన ఇంట్లోవాళ్లకు తెలియదు. చివరికి 1973లో వాళ్ల దగ్గరికి రక్తం కావాలని ఎందుకు వెళ్లారో తెలుసా? ఏ ఫ్లాస్కులో హీలా కలిసిందో తేల్చుకోవడానికి. అంటే నాలాంటివాళ్ల గజిబిజి సర్దుకోవడానికి. ఆ పిల్లలకు ఎవరూ సరిగా విడమరిచి చెప్పనే లేదు. నువ్వు హీలా వాడే రోజు వస్తే ఆవిడ పేరు ఒకసారి తలుచుకో. పూజ చేయమనడం లేదు.

నిన్ను భయపెట్టేశానేమో. ఇంత రాశాక అనిపిస్తోంది, మంచివి ఏమీ చెప్పలేదని. తెల్లవారుజామున కల్చర్ రూమ్‌లో ఒక్కదానివే ఉన్నప్పుడు, ఒక కణం రెండుగా విడిపోవడం చూస్తావు చూడు. ముందు గుండ్రంగా ముడుచుకుంటుంది, అంచులు మెరుస్తాయి, నడుము దగ్గర సన్నబడుతుంది. నేను ముప్పయ్యేళ్లలో ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ మధ్యలో లేవలేదు. నువ్వు ఎనిమిదేళ్లప్పుడు నా ఒళ్లో కూర్చుని ఉల్లిపొర చూసి "పెద్దమ్మా, గదులు!" అన్నావు. మీ అమ్మ తిట్టేది ఆ రోజునే. తిట్టనీ.

వేళకు తిను. సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్ పెద్దది, చీకటి పడ్డాక ఒంటరిగా నడవకు, ఎవరినైనా తోడు తెచ్చుకో. ఏదైనా పాడైతే మీ గైడుకు ఆ రోజే చెప్పు. ఆ రోజు చెప్పలేకపోతే అర్ధరాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్యి, నేను తిట్టాక ఆయన దగ్గరికి వెళ్దువుగాని. ఎవరికి ఏ వయల్ ఇచ్చావో నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకో, పేరు, తేదీ, ఫోన్ నంబరు.

ఈ ప్యాకెట్లో గాగుల్స్‌తో పాటు ఆవకాయ జాడీలు రెండున్నాయి. పెద్దది హాస్టల్ పిల్లలతో కలిసి తిను. చిన్నది అది అయ్యేదాకా విప్పకు. రెండింటి మీదా తేదీ రాసి టేపు అంటించాను. ఈసారి ఉప్పు ఒక పిడికెడు ఎక్కువ పడింది, చెయ్యి జారింది. మీ అమ్మకూ ఇదే పెట్టి పంపాను. రుచి చూడకముందే ఫోన్ చేసి చెప్పాను.

నీ పెద్దమ్మ